నాయన టేపులు, పోర్టబుల్ డిస్కులు: ఒక ప్రాజెక్టు డైరీ

ఆదివారం రాత్రి, బెంగళూరు

హిందూపురం నుంచి ఇప్పుడే దిగాను. సంచిలో పాత తువ్వాలులో చుట్టిన హార్డ్ డిస్కు ఒకటి ఉంది. 3.5 అంగుళాల సాటా (కంప్యూటర్ లోపల బిగించే కనెక్షన్) డిస్కు, ఒక టీబీ. నాయన పాత కంప్యూటర్ క్యాబినెట్ విప్పి అదొక్కటే ఊడదీసుకొచ్చా. విండోస్ ఉన్న చిన్న డిస్కూ, మిగతా సరంజామా అంతా అక్కడే వదిలేశా.

ఈ డిస్కులో ఉన్నది నాయన ఎనిమిదేళ్ల పిచ్చి. బడిపంతులుగా చేస్తూనే, చుట్టుపక్కల జాతరల్లో ఎక్కడ పద్యనాటకం ఆడినా హ్యాండీక్యామ్ భుజాన వేసుకుని పోయేవాడు. స్టేజీ ముందు స్టాండు పాతి, కాటి సీను అయ్యేదాకా కదిలేవాడు కాదు. అట్లా 63 మినీ డీవీ టేపులు పోగయ్యాయి. నేను ఇంజినీరింగులో ఉండగా ఒక ఎండాకాలం సెలవుల్లో కెమెరా నుంచి వీడియో దింపుకునే ఫైర్‌వైర్ కార్డు కొని, క్యాబినెట్లో బిగించి, ఇద్దరం కూర్చుని ఒక్కో టేపూ ఆడించి ఈ డిస్కులోకి ఎక్కించాం. గంట టేపుకు గంట. దొంగదారి లేదు. ఎక్కించేశాం కదా అని అప్పుడే దాన్ని మర్చిపోయాం. పద్నాలుగేళ్లుగా ఉన్నది ఒక్కటే కాపీ. వేరేవాళ్లకు బ్యాకప్ గురించి క్లాసులు పీకే ఉద్యోగం నాది.

మొన్న ఊళ్లో ఊరికే డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో టూలు పెట్టి చూస్తే పసుపు రంగు వచ్చింది. సీ5 అనే వరుసలో 8 అని ఉంది. డిస్కు చదవబోయి చదవలేక, వీటి సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టిన సెక్టార్ల (డిస్కు మీది చిన్న గదుల) లెక్క అది. ఎనిమిది పెద్ద సంఖ్యేమీ కాదు. సున్నా కాకపోవడమే అసలు సంగతి.

"పొయ్యినాయా ఏమిరా?" అన్నాడు నాయన తలుపు దగ్గర నిలబడి.

"పోలేదు నాయనా. పోకముందే తీస్తా."

సోమవారం

ముందు లెక్క. డీవీ వీడియో సెకనుకు సుమారు 3.6 ఎంబీ తింటుంది, అంటే గంటకు 13 జీబీ. టేపులన్నీ కలిపి విండోస్ చూపించే లెక్కలో 742 జీబీ, ఫోటోలు ఇంకో 96. మొత్తం 838.

కొత్తగా ఒక టీబీ డిస్కు కొంటే సరిపోదా అంటే, పెట్టె మీద టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024ల లెక్కన భాగించి దాన్ని 931 జీబీ అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని ఏటా ఎవరో ఒకరు నాకు ఫోన్ చేసే విషయం ఇదే. 931లో 838 కూరితే మిగిలేది వేలెడు. కాబట్టి రెండు టీబీలు. అదీ రెండు డిస్కులు. ఒకటి నా దగ్గర, ఒకటి హిందూపురంలో నాయన బీరువాలో.

ఇక ఏ రకం అన్నది. ల్యాప్‌టాప్ పోర్టు నుంచే కరెంటు తాగే 2.5 అంగుళాల పోర్టబుల్ ఒకటి. గోడకు అడాప్టరు పెట్టాల్సిన 3.5 అంగుళాల పెద్ద డబ్బా ఇంకోటి. తిరిగే పళ్లెం లేని ఎస్ఎస్‌డీ మూడోది. డిస్కు వేరుగా, ఎన్‌క్లోజర్ (దాని పై డబ్బా) వేరుగా కొని మనమే బిగించుకోవడం నాలుగోది.

వీటన్నిటి కంటే తల తిప్పేది కనెక్షన్ పేర్ల గోల. యూఎస్‌బీ 3.0 అని 2008లో వచ్చింది, వేగం 5 జీబీపీఎస్, అంటే సెకనుకు 5 గిగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). తర్వాత అదే 5 జీబీపీఎస్‌కు 3.1 జెన్ 1 అని పేరు పెట్టారు. ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. ఒకే మనిషికి మూడు రేషన్ కార్డులు. పెట్టె మీద 3.2 అని పెద్దక్షరాలు చూసి 3.0 కంటే గొప్పదనుకుని డబ్బులు ఎక్కువ పెట్టేవాళ్లున్నారు. 10 కావాలంటే జెన్ 2 అని చూడాలి, 20 కావాలంటే 2×2. నా పద్ధతి పేరును వదిలేసి జీబీపీఎస్ అంకె ఒక్కటే చదవడం.

టైప్ సీ అనేది వేగం పేరు కాదు, మూతి ఆకారం పేరు. 24 పిన్నులున్న ఆ మూతి వెనక 480 ఎంబీపీఎస్ ముసలి యూఎస్‌బీ 2.0 ఉండొచ్చు, 40 జీబీపీఎస్ థండర్‌బోల్ట్ ఉండొచ్చు. బయట నుంచి చూస్తే రెండూ అన్నదమ్ములే.

నాకు థండర్‌బోల్ట్ కావాలా? ఇక్కడ బెంగళూరు వాళ్లకు అర్థమయ్యే లెక్క ఉంది. 2.5 అంగుళాల డిస్కులో పళ్లెం నిమిషానికి సుమారు 5400 చుట్లు తిరుగుతూ సెకనుకు 120, 130 ఎంబీ ఇస్తుంది. అంటే సుమారు ఒక జీబీపీఎస్, అంతే. 5 జీబీపీఎస్ రోడ్డే దానికి ఖాళీగా పడి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డుకు ఇంకో పది లేన్లు వేసినా అందరూ చివరికి సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ జామ్ దగ్గర ఆగాల్సిందే కదా. తిరిగే డిస్కులో సిల్క్ బోర్డు ఆ పళ్లెమే. దానికి 40 జీబీపీఎస్ కేబుల్ తగిలించడం డబ్బు దండగ.

బుధవారం

ఆఫీసు క్యాంటీన్లో విషయం చెప్పగానే సలహాలు. ఒకాయన నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) పెట్టమన్నాడు. బెంగళూరులో ఉన్న నాస్ హిందూపురంలో నాయన బీరువాకు ఏం ఉపయోగం? పక్కన పెట్టా. ఇంకొకాయన, "ఈ రోజుల్లో తిరిగే డిస్కేంది బాసూ, ఎస్ఎస్‌డీ తీసుకో" అన్నాడు. మాట సబబే. కింద పడ్డా తట్టుకుంటుంది, ఐదు రెట్లు వేగం. కానీ నా పని వేరు. రాసేది ఒక్కసారి, తర్వాత ఏళ్లతరబడి చీకట్లో పడి ఉండటం. కరెంటు తగలకుండా చాలాకాలం పెడితే ఫ్లాష్ కణాల్లో దాచిన చార్జి మెల్లగా కారిపోతుంది. తిరిగే డిస్కుకు ఆ బాధ లేదు, దాని బాధలు దానికున్నాయి. పైగా రెండు టీబీల ఎస్ఎస్‌డీలు రెండంటే నా బడ్జెట్ రెట్టింపు దాటుతుంది.

మధ్యాహ్నం నాయన నుంచి వాట్సాప్. ఎవరో పంపిన ప్రకటన: 16 టీబీ ఎస్ఎస్‌డీ, 1,899 రూపాయలు. కింద "ఇది చూడు, నీది దండగ" అని ఆయన మాట.

ఫోన్ చేసి చెప్పా. అట్లాంటి డబ్బా విప్పితే లోపల ఉండేది చిన్న మెమరీ కార్డు, దాన్ని పట్టుకున్న ఒక బోర్డు. కంప్యూటర్‌కు 16 టీబీ ఉన్నట్టు అబద్ధం చెప్పేలా బోర్డును మార్చి ఉంటారు. అసలు చోటు నిండాక రాసిందంతా గాల్లో కలుస్తుంది. పేర్లు కనిపిస్తాయి, ఫైలు తెరుచుకోదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత టూలుతో మొత్తం నింపి, తిరిగి చదివి చూస్తే దొరికిపోతాయి.

"అంటే మన రామకోటిగాడు పాలల్లో నీళ్లు పోసినట్ల" అన్నాడు.

"పాలు అసలుండవు నాయనా. నీళ్లకే తెల్లరంగు."

శనివారం, ఎస్పీ రోడ్డు

ఆదివారం పోతే షట్టర్లే పలకరిస్తాయని అనుభవం. అందుకే శనివారం పొద్దున్నే మెట్రో ఎక్కా. మెజెస్టిక్‌లో పచ్చ లైనుకు మారితే పక్క స్టేషనే చిక్కపేట. అక్కడ్నుంచి నడక. ఎస్పీ రోడ్డంటే ఇక్కడి కంప్యూటర్ సామాన్ల బజారు. సదర్ పత్రప్ప రోడ్డు అని పూర్తి పేరు పలికేవాణ్ని నేనింతవరకు చూడలేదు. తోపుడు బండికీ స్కూటరుకీ మధ్య నుంచి నడుం వంచి దూరితే అటూ ఇటూ కేబుళ్ల తోరణాలు.

"ఎష్టు టీబీ బేకు సార్?" అన్నాడు కౌంటరు కుర్రాడు. నా కన్నడం రెండు వాక్యాల్లో బయటపడింది. "తెలుగా అన్నా? ముందే చెప్పొచ్చు కదా, మాది పలమనేరు" అని నవ్వాడు. ఆ తర్వాత బేరం సులువు కాలేదు గానీ మాట సులువైంది.

మూడు విషయాలు అడగాలని రాసుకుని పోయా. మొదటిది మూతి. 2.5 అంగుళాల డిస్కుల్లో చాలావాటికి ఇప్పటికీ ఆ వెడల్పాటి మైక్రో బీ మూతి వస్తుంది. రెండు ముక్కలు అతికించినట్టుంటుంది. పట్టు తక్కువ, కొంచెం కదిలితే డిస్కు మాయం. టైప్ సీ అయితే గట్టిగా కూర్చుంటుంది, తలకిందులయ్యే పేచీ లేదు. రెండోది లోపలి బోర్డు. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో సాటా కనెక్టరే ఉండదు, యూఎస్‌బీ మూతిని నేరుగా డిస్కు బోర్డుకే అతికిస్తారు. ఆ మూతి విరిగితే డిస్కు తీసి వేరే ఎన్‌క్లోజర్లో పెట్టుకునే దారి మూసుకుపోతుంది. ఏది ఏ రకమో పెట్టె మీద రాయరు. కుర్రాడికి మాత్రం కొన్ని తెలుసు, రిపేరుకు వచ్చినవి విప్పి చూశాడట.

మూడోది ఎస్ఎమ్ఆర్. దీని గురించి కొంచెం చెప్పాలి. మామూలు పద్ధతిలో పళ్లెం మీద గీతలు పక్కపక్కన ఉంటాయి. ఎక్కువ చోటు దక్కాలని ఎస్ఎమ్ఆర్‌లో ఒక గీత అంచు మీదికి ఇంకో గీత ఎక్కేలా రాస్తారు. అచ్చం మన పెంకుటింటి కప్పు. కొత్తగా కప్పు వేస్తుంటే ఇబ్బంది లేదు, కింది నుంచి పైకి పేర్చుకుంటూ పోవడమే. మధ్యలో ఒక పెంకు మార్చాలంటేనే, దాని మీదికి వాలిన వరసంతా లేపి మళ్లీ సర్దాలి. అందుకే ఒక్కసారి పెద్ద ఫైళ్లు రాసి దాచేవాడికి ఎస్ఎమ్ఆర్ చాలు. రోజూ చెరిపి రాసేవాడికి నరకం. రెండు టీబీ, ఆ పైన ఉన్న 2.5 అంగుళాల డిస్కులు చాలావరకు ఈ రకమే. తెలిసే తీసుకున్నా.

రెండు వేర్వేరు కంపెనీలవి కొన్నా. ఒకే కంపెనీ ఒకే వారం తయారుచేసిన రెండు డిస్కులు ఒకే జబ్బుతో ఒకేసారి పోయే అవకాశం ఎందుకివ్వాలి? ఒకదానికి టైప్ సీ, ఒకదానికి మైక్రో బీ. రెండూ కలిపి పదమూడు వేల చిల్లర. పాత డిస్కు తగిలించడానికి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఒకటి ఇంకో షాపులో తీసుకున్నా. అక్కడే తప్పు జరిగింది.

శనివారం రాత్రి

పాత డిస్కు తిరగడం లేదు. ఉలుకూ లేదు పలుకూ లేదు.

పోయిందేమోనని గుండె ఒక్క నిమిషం ఆగింది. తర్వాత బుర్ర పనిచేసింది. 2.5 అంగుళాల డిస్కులు 5 వోల్టులతో బతుకుతాయి, యూఎస్‌బీ ఇచ్చేది అదే. 3.5 అంగుళాల డిస్కు మోటారుకు 12 వోల్టులు కావాలి. యూఎస్‌బీ ఏ పోర్టులోంచీ మామూలుగా 12 వోల్టులు రావు, అందుకే గోడ అడాప్టరు. నేను కొన్న కేబుల్‌కు అడాప్టరు గుచ్చే రంధ్రమే లేదు. షాపాయన "అన్నిటికీ పనిచేస్తుంది" అన్నాడు, నేనూ అడగాల్సింది అడగలేదు. పాలు, కొత్తిమీర పది నిమిషాల్లో గుమ్మం ముందు వాలే ఊళ్లో ఈ అడాప్టరు కోసం సోమవారం దాకా ఆగాలి.

సోమవారం రాత్రి

ఆఫీసు నుంచి పెందలాడే జారుకుని మళ్లీ ఎస్పీ రోడ్డు. ఈసారి 12 వోల్టు 2 ఆంపియర్ అడాప్టరుతో వచ్చే డాక్ కొన్నా. టోస్టర్లో బ్రెడ్డు గుచ్చినట్టు డిస్కును నిలువుగా గుచ్చాలి. స్విచ్ వేయగానే సన్నటి ఈల, తర్వాత స్థిరంగా హుం అని శబ్దం. పద్నాలుగేళ్ల నాటి గొంతు.

నా ల్యాప్‌టాప్‌కు ఉన్నవి మూడు మూతులు: నీలం రంగు టైప్ ఏ, నల్ల రంగు టైప్ ఏ, ఒక టైప్ సీ. మైక్రో బీ కొత్త డిస్కు నీలం దాంట్లో, డాక్ నల్ల దాంట్లో పెట్టి కాపీ మొదలెట్టా. 35 ఎంబీ. అక్కడే నిలబడింది. 480 ఎంబీపీఎస్ యూఎస్‌బీ 2.0లో ఆచరణలో దక్కేది అంతే. ఈ లెక్కన ఏడు గంటలు.

డాక్‌ను టైప్ సీకి మారుద్దామని, ఫోన్‌తో వచ్చిన చిన్న కన్వర్టరు తగిలించా. 37 ఎంబీ. టైప్ సీ పోర్టు 10 జీబీపీఎస్, డాక్ 5 జీబీపీఎస్, మధ్యలో వేలెడు కన్వర్టరు మాత్రం యూఎస్‌బీ 2.0. లోపల వేగం తీగలే లేవు దానికి. ఫోన్ చార్జింగ్ కేబుళ్లలో కూడా చాలావరకు ఇదే కథ. టైప్ సీ మూతి ఉంటుంది, డేటా తీగలు 2.0వే. పనిచేయకపోతే అనుమానం వస్తుంది. పనిచేస్తూ నత్తలా పోతే డిస్కునే తిట్టుకుంటాం.

పక్క ఫ్లాట్ తమ్ముడి దగ్గర 5 జీబీపీఎస్ కన్వర్టరు దొరికింది. అది పెట్టగానే 104 ఎంబీ. ఏడు గంటల పని రెండున్నర గంటలకు దిగింది.

ఇంకో వింత. కాపీ జోరందుకోగానే వైర్‌లెస్ మౌసు నత్తినత్తిగా కదలడం మొదలెట్టింది. బ్యాటరీ అనుకుని మార్చా. అది కాదు. యూఎస్‌బీ 3.0 సంకేతాలు పారేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది, మౌసు డాంగిలూ అక్కడే మాట్లాడుతుంది. ఇంటెల్ 2012లోనే దీనిపై ఒక పేపరు వేసింది. డాంగిల్‌ను ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడుగు దూరం జరిపితే మౌసు మామూలైంది.

పదకొండున్నరకు కరెంటు పోయింది.

అపార్ట్‌మెంట్ జనరేటరు అందుకోవడానికి పది సెకన్లు పడుతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, దానికి తగిలించిన కొత్త డిస్కు చెక్కుచెదరలేదు. గోడకు వేలాడే డాక్ మాత్రం చచ్చి బతికింది. అసలే నలతగా ఉన్న డిస్కుకు ఇది మంచిది కాదు. ఇంటినుంచి పని రోజుల్లో కొన్న యూపీఎస్ మంచం కింద నుంచి లాగి, దుమ్ము దులిపి, డాక్‌ను దానికి మార్చా. 3.5 అంగుళాల పెద్ద డబ్బా కొనాలనుకునేవాళ్లు చోటు ధర ఎంత తక్కువో చూస్తారు గానీ ఈ పది సెకన్ల సంగతి చూడరు. నేను కూడా ఈ రాత్రి దాకా చూడలేదు.

విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ టూలుతో మళ్లీ మొదలు. అప్పటికే పూర్తయిన ఫైళ్లు వదిలేసి మిగతావి అందుకుంది.

మంగళవారం పొద్దున

లేచేసరికి 41వ టేపు దగ్గర ఆగి ఉంది. డిస్కు చదవబోయి, వెనక్కొచ్చి, మళ్లీ చదవబోయి. చెక్‌డిస్క్ నడుపుదామా అని చెయ్యి ఊరింది. నడపలేదు. నలిగిపోతున్న డిస్కు మీద మరమ్మతు టూలు వేస్తే అది రాయడం మొదలెడుతుంది. ముందు ఉన్నది బయటికి తీయాలి, వైద్యం తర్వాత. 41ని పక్కనపెట్టి మిగతావన్నీ లాగించా. వీడియోలు బాగానే పోయాయి. ఫోటోల ఫోల్డరు దగ్గర వేగం 20కి, ఒక్కోసారి 8కి పడింది. వేల కొద్దీ చిన్న ఫైళ్లంటే ఏ తిరిగే డిస్కుకైనా కష్టమే, పెంకుటిళ్ల రకానికి మరీను.

మంగళవారం రాత్రి

41వ టేపు కోసం లినక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి, చెడుతున్న డిస్కు నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ టూలు పెట్టా. దీని గుణం ఏంటంటే, చదవలేని చోట మొండిగా కూర్చోదు. దాటేసి ముందు మంచిదంతా తెచ్చుకుని, చివర్లో ఆ చెడ్డ చోటికి తిరిగొచ్చి ఓపికగా గీకుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక చిట్టా రాసుకుంటుంది, ఆపి మళ్లీ మొదలెట్టినా ఇబ్బంది లేదు.

గంట తర్వాత ఫలితం: మొత్తం ఫైలులో రానిది 4096 బైట్లు. అంటే సీ5లో కనిపించిన ఎనిమిది 512 బైట్ల సెక్టార్లు నిజానికి ఒకే ఒక్క 4కె సెక్టారు. మన డీవీలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 1,44,000 బైట్లు. పోయింది ఒక ఫ్రేములో చిన్న ముక్క, సెకనులో 25వ వంతు కాలం. ఆడించి చూశా. 37వ నిమిషంలో తెర మూల ఒక గళ్ల మరక మెరిసి మాయమైంది. తెలియనివాడికి తెలియదు. ఫోన్లో నాయనకు అదే చెప్పా.

గురువారం

ఫార్మాట్ సంగతి, అంటే డిస్కు మీద ఫైళ్లు సర్దే పద్ధతి. చెన్నైలో చెల్లెలికి మ్యాక్. ఎన్‌టీఎఫ్‌ఎస్ పెడితే మ్యాక్ చదువుతుంది, దానంతటది రాయదు. ఎక్స్‌ఫ్యాట్ పెడితే అందరూ రాయొచ్చు, కానీ దానికి జర్నల్ (మార్పులు రాసుకునే చిట్టా) ఉండదు, రాస్తుండగా కేబుల్ ఊడితే గందరగోళమయ్యే అవకాశం ఎక్కువ. మా ఇంట్లో సేఫ్‌లీ రిమూవ్ నొక్కే మనిషిని నేనొక్కణ్నే. ఇది దాచుకునే డిస్కు, చెల్లెలు రాయాల్సిన పనిలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్. చెల్లెలు "అన్నా, నన్ను నమ్మవా" అంది. నమ్మను.

రెండో డిస్కుకు కాపీ చేశా. టైప్ సీ కేబుల్, ఒక్క ఆటంకం లేదు, రాయడానికేమీ లేదు. తర్వాత రెండు డిస్కుల మీదా ప్రతి ఫైలుకూ షా-256 హాష్ (ఫైలు వేలిముద్ర లాంటిది) తీసి పోల్చా. ఒక రాత్రంతా పట్టింది. అన్నీ సరిపోయాయి. పాత డిస్కును మళ్లీ తువ్వాలులో చుట్టి అటక మీద పెట్టా, ఇప్పుడే పారేయను.

శనివారం, హిందూపురం

నాయనకు డిస్కు చూపిస్తే ఆయన నేరుగా టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. "దీంట్లో పెడితే కనపడుతుంది గదా?"

నేను బీరువా గురించి ఆలోచించా, ఆయన టీవీ గురించి. రెండు వారాల్లో నేను ఒక్కసారీ అడగని ప్రశ్న.

పెట్టాం. డిస్కు లైటు వెలిగింది, టిక్ అంది, ఆరింది. మళ్లీ వెలిగింది, టిక్. టీవీ పోర్టు యూఎస్‌బీ 2.0, లెక్క ప్రకారం అది ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. నిలిచి ఉన్న పళ్లేన్ని కదిలించే ఆ మొదటి క్షణంలో డిస్కు అంతకు రెట్టింపు దాకా అడగొచ్చు. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 ఇస్తుంది, టైప్ సీ ఇంకా ఎక్కువ ఇవ్వగలదు. ఈ టీవీ ఇవ్వదు. ఆ టిక్ టిక్ మనుకుంటూ పదిసార్లు ప్రయత్నించనిస్తే డిస్కుకే ముప్పు. వెంటనే పీకేశా.

ఒకవేళ లేచినా లాభం లేదు. ఈ టీవీ ఫ్యాట్32 తప్ప ఇంకోటి చదవదు, ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. మనవి ఒక్కోటి 13.

కాబట్టి నాయనకు కావాల్సింది హార్డ్ డిస్కు కాదు, పెన్‌డ్రైవు. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నా కాబట్టి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో టూలుతో మార్చడం అప్పుడే మొదలెట్టా. 4 ఎంబీపీఎస్ ఎమ్‌పీ4 అయితే గంటకు 2 జీబీ లోపే, 61 గంటలూ ఒక 128 జీబీ పెన్‌డ్రైవులో పడతాయి. పాత టేపుల్లో బొమ్మ సగం సగం గీతలుగా ఉంటుంది కాబట్టి డీఇంటర్‌లేస్ పెట్టాలి, లేదంటే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లు కనిపిస్తాయి. 32 జీబీ దాటిన పెన్‌డ్రైవుకు విండోస్ ఫార్మాట్ పెట్టెలో ఫ్యాట్32 కనపడదు, దానికో చిన్న టూలు వేరే. బజారులో పెన్‌డ్రైవు దొరికింది. మొదట మార్చింది 41వ టేపే, ఎట్లా వచ్చిందో చూద్దామని.

నాయన కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కున్నాడు. అమ్మ బియ్యం ఏరుతూ వెనక కూర్చుంది. హార్మోనియం, ఆ లౌడ్‌స్పీకర్ గరగర, మధ్యలో ఎవడో చంటిబిడ్డ ఏడుపు. రాగం తీసి, సాగదీసి, జనం వన్స్‌మోర్ అని అరిచే చోటు. 37వ నిమిషం.

నాయన చెయ్యెత్తాడు.

"ఆడ తెగింది."

"సెకనులో 25వ వంతు నాయనా. బొమ్మలో చిన్న మరక, అంతే."

"బొమ్మ ఎవడు చూసినాడు? రాగం తెగింది. 'టిక్' మనింది."

వెనక్కి తిప్పి చెవి ఒగ్గి విన్నా. అన్నట్టే ఉంది. డీవీలో శబ్దం కూడా అదే ఫ్రేములోనే అల్లి ఉంటుంది. నా కళ్లు మరకనే చూశాయి, ఆయన చెవి ఆలాపనలో ఉంది.

"టేపు ఉంది గదా. మళ్ల ఎక్కించు."

టేపు ఉంది. కెమెరా ఉంది, బ్యాటరీ చచ్చింది కానీ అడాప్టరు ఉంది. ఫైర్‌వైర్ మూతి నా ల్యాప్‌టాప్‌కు లేదు, ఈ కాలపు ఏ ల్యాప్‌టాప్‌కూ లేదు. ఉన్నది ఆ పాత క్యాబినెట్లోనే.

"అమ్మా, ఆ కంప్యూటర్ డబ్బా పాత సామాన్లవాడికి ఇచ్చినారా?"

"యాడిచ్చినాం? చింతపండు జాడీ దాని మింద పెట్టినా."

ఆదివారం, హిందూపురం

జాడీ దించి, తుడిచి, స్విచ్ వేశా. రెండు బీప్‌లు. బోర్డు మీది చిన్న బ్యాటరీ ఎండిపోయి తేదీ వెనక్కి వెళ్లిపోయింది, మిగతాదంతా బతికే ఉంది. కెమెరా వైపు నాలుగు పిన్నుల మూతి, కార్డు వైపు ఆరు పిన్నుల మూతి ఉన్న ఆ కేబుల్ అట్టపెట్టె అడుగున దొరికింది. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మొదటికి తెచ్చి, ఆడించా. కంప్యూటర్ కెమెరాను గుర్తుపట్టింది.

గంట టేపుకు గంట. ఇద్దరం కూర్చున్నాం. 37వ నిమిషం దగ్గర నాయన నా వైపు చూశాడు. నేను మానిటర్ వైపు చూశా. రాగం తెగలేదు.

చిన్న డిస్కులోకి 13 జీబీ ఫైలు దిగింది. పోర్టబుల్ డిస్కును క్యాబినెట్ వెనక పోర్టుకు పెడితే టిక్ టిక్ లేకుండా లేచింది. అక్కడున్నవీ టీవీలాగే యూఎస్‌బీ 2.0 పోర్టులే, కానీ ఇది లెక్క కంటే ఎక్కువ కరెంటు ఇస్తున్నట్టుంది. కాపీకి ఆరున్నర నిమిషాలు పట్టింది. పాత 41ని తీసేసి కొత్తది పెట్టి, హాష్ తీసి చిట్టాలో రాసుకున్నా. బెంగళూరు డిస్కులో మార్చడానికి ఇంకో కాపీ ల్యాప్‌టాప్‌లో ఉంది. క్యాబినెట్ కవరు బిగిస్తుండగా అమ్మ జాడీ పట్టుకుని నిలబడింది.